హాజరు పట్టీ

మా బ్యాచ్ ఆత్మీయ సమ్మేళనాల కార్యక్రమ పత్రంలో ఆ అంశం ఎప్పుడూ ఒకే చోట ఉంటుంది. జ్యోతి ప్రజ్వలన తర్వాత, గురువుల సన్మానానికి ముందు. ‘దివంగత మిత్రులకు నివాళి – 5 నిమిషాలు’ అని అచ్చు వేస్తారు. అందులో సగం మైకు సరిచేయడానికే పోతుంది. తెర మీద ఫొటోలు ఒక్కోటీ వచ్చి పోతుంటాయి. కొన్ని కాలేజీ దరఖాస్తుకు అతికించిన నలుపు తెలుపు పాస్‌పోర్టు ఫొటోలు, కొన్ని మనవడి పుట్టినరోజు ఫొటోలోంచి కత్తిరించినవి. కేకు మీది కొవ్వొత్తి ఒక మూల కనిపిస్తూనే ఉంటుంది. ఆ తర్వాత అందరం లేచి నిలబడతాం. నిమిషం మౌనం అంటారు గాని అరనిమిషం కూడా సాగదు. నేను మత్తు డాక్టర్ని, సెకన్లు లెక్కపెట్టడం నా వృత్తి, కాబట్టి నాతో వాదించకండి. ‘థాంక్యూ, కూర్చోండి’ అనగానే కుర్చీల చప్పుడు, ఆ వెంటనే శాలువాల సంచీ కోసం వెతుకులాట.

మాది విశాఖపట్నం ఆంధ్ర మెడికల్ కాలేజీ, 1971లో చేరిన బ్యాచ్. కాలేజీ 1923లో వైజాగపట్నం మెడికల్ కాలేజీగా మొదలైంది. 1940లో ఇప్పటి పేరు వచ్చింది. మా స్వర్ణోత్సవం 2021లో జరగాల్సింది. ఆ ఏడు ఏప్రిల్, మే నెలల్లో డాక్టర్లెవరూ సభలు పెట్టుకునే స్థితిలో లేరు. వాయిదా వేశాం. ఆ వాయిదా కాలంలోనే దివంగతుల జాబితా పెరిగింది. దాన్ని తప్పుల్లేకుండా తయారు చేసే పని నా నెత్తిన పడింది, నా చేతిరాత మిగతా డాక్టర్ల చేతిరాతలా ఉండదన్న ఒకే ఒక్క కారణంతో.

రాస్తూ కూర్చుంటే, అసలీ తంతు మనకెక్కడిదన్న ప్రశ్న పట్టుకుంది. మా తాతల కాలంలో కలిసి చదువుకున్నవాడు పోతే ఏం చేసేవారు? కబురందితే వెళ్లి పలకరించి వచ్చేవారు. అంతకుమించి చేయడానికి వాళ్లకేమీ లేదు. మన ఇళ్లలో చావుకు సంబంధించిన ప్రతి పనికీ ఒక హక్కుదారు ఉంటాడు. తలకొరివి ఎవరు పెట్టాలి, మైల ఎవరికి ఎన్నాళ్లు, తద్దినం ఎవరింట్లో అన్నీ నిర్ణయమై ఉంటాయి. వీటి మీద అన్నదమ్ములు గొడవలు పడ్డ ఇళ్లు కూడా నాకు తెలుసు. స్నేహితుడు ఆ లెక్కలో ఎక్కడా కనపడడు.

ఎక్కడా అంటే పూర్తి నిజం కాదట. మా అత్తవారింటి పురోహితుడు గారిని అడిగితే యాజ్ఞవల్క్య స్మృతి తెరిచి చూపించారు. ఆస్తి తగాదాల్లో కోర్టులు తిరగేసే మితాక్షర ఉందే, అది విజ్ఞానేశ్వరుడు ఈ స్మృతికే రాసిన వ్యాఖ్యానం. మూడో అధ్యాయం మొదట్లో, మైల గురించి చెప్పే చోట, ఎవరికి తప్పనిసరిగా నీళ్లు వదలాలో చెప్పి, ఆ వెంటనే ఇష్టముంటే వదలదగిన వాళ్లను వరుసగా చెప్పారు. స్నేహితుడు, పెళ్లి చేసి పంపేసిన ఆడపిల్ల, అక్కచెల్లెళ్ల కొడుకు, మామగారు, యాగం చేయించిన ఋత్విక్కు. వీళ్లకు వదిలితే మంచిదే, వదలకపోతే దోషం లేదు.

‘అంటే ఐచ్ఛికమన్నమాట, ఇంటర్మీడియట్‌లో సెకండ్ లాంగ్వేజీలాగ’ అన్నాను. ఆయన నవ్వలేదు. ‘ఐచ్ఛికం అన్నారంటే అంత లోకువ కాదమ్మా, వద్దనలేదు కదా’ అన్నారు. స్నేహితుడి పక్కనే పెళ్లయిన ఆడపిల్లను కూర్చోబెట్టడం మాత్రం నేను మరిచిపోలేదు. జాబితా రాసేటప్పుడు దాని సంగతి మళ్లీ నాకు ఎదురైంది.

ఈ లెక్కన పోయిన స్నేహితుడికి మర్యాద చేసే పద్ధతిని మనుషులు కొత్తగా కల్పించుకోవాల్సి వచ్చింది. అది చుట్టాల చేతిలోంచి రాలేదు. సంస్థల చేతిలోంచి వచ్చింది. కాలేజీలకు ఇదేమీ కొత్త కాదు. ఆక్స్‌ఫర్డ్‌లో ఆల్ సోల్స్ అనే కాలేజీ ఉంది. ఆరవ హెన్రీ రాజు, కాంటర్బరీ ఆర్చిబిషప్ హెన్రీ చిచెలీ 1438లో దాన్ని స్థాపించింది చదువు కోసమే కాదు, ఫ్రాన్సుతో యుద్ధాల్లో చచ్చిపోయినవాళ్ల ఆత్మల కోసం ప్రార్థన చేయడానికి కూడా. అక్కడ చదువుకునేవాళ్ల జీతంలో చచ్చిపోయినవాళ్ల బాకీ కలిసే ఉండేదన్నమాట.

ఇక మనం నిలబడి పాటించే మౌనం సంగతి. ఇది గాంధీ గారి మౌనవ్రతంలోంచి వచ్చిందని మా బ్యాచ్‌లో ఒకాయన గట్టిగా వాదిస్తాడు. పాపం, అది వచ్చింది దక్షిణాఫ్రికా నుంచే గాని గాంధీ గారి నుంచి కాదు. దీనికంటే ముందు కూడా ఉంది. 1912 ఫిబ్రవరిలో బ్రెజిల్ విదేశాంగ మంత్రి రియో బ్రాంకో ప్రభువు పోయినప్పుడు పోర్చుగల్ సెనేట్ పది నిమిషాలు మౌనంగా కూర్చుంది. పది నిమిషాలు! మా బ్యాచ్‌లో అంతసేపు మాట్లాడకుండా కూర్చోవాలంటే నేను ఇంజెక్షన్ ఇవ్వాల్సిందే.

ప్రపంచానికి అలవాటైన మౌనం మాత్రం కేప్‌టౌన్‌ది. మొదటి ప్రపంచ యుద్ధం ఇంకా నడుస్తోంది. ఆ ఊరి మేయరు హ్యారీ హ్యాండ్స్ కొడుకు రెజినాల్డ్ 1918 ఏప్రిల్‌లో ఫ్రాన్సులో చనిపోయాడు. దక్షిణాఫ్రికా తరఫున క్రికెట్ ఆడిన కుర్రాడు. రాబర్ట్ బ్రైడన్ అనే కౌన్సిలర్ సలహా ఇస్తే, మే 14న సిగ్నల్ హిల్ మీద మధ్యాహ్నం పేల్చే ఫిరంగి మోగగానే ఊరంతా ఎక్కడివాళ్లక్కడ ఆగిపోవాలని మేయరు కోరాడు. ట్రాములు ఆగాయి. మొదట మూడు నిమిషాలు అనుకున్నారు, మరీ ఎక్కువైందని రెండుకు తగ్గించారు. ఒకరోజు తంతుగా వదిలేయలేదు. ఏడాది పాటు రోజూ మధ్యాహ్నం చేశారు. ఇది చూసిన సర్ పెర్సీ ఫిట్జ్‌ప్యాట్రిక్ అనే రాజకీయవేత్త లండన్‌కు రాశాడు. ఆయన కొడుకు కూడా 1917 డిసెంబరులో యుద్ధంలోనే పోయాడు. 1919 నవంబరు 7న అయిదవ జార్జి చక్రవర్తి ప్రకటన వెలువడింది. యుద్ధం ఆగిన రోజు, ఆగిన వేళ, నవంబరు 11న పదకొండు గంటలకు, రెండు నిమిషాలు సామ్రాజ్యమంతా మౌనం పాటించాలని.

కొడుకులు పోయిన ఇద్దరు తండ్రుల చేతుల మీదుగా వచ్చింది ఈ ఆచారం. మా సభలో మౌనం కుదించే ప్రతిసారీ నాకు గుర్తొచ్చేది చక్రవర్తి కాదు, వాళ్లిద్దరే.

అదే పదకొండు గంటల వేళ, అదే రెండు నిమిషాలు స్వతంత్ర భారతంలో జనవరి 30కి వచ్చి చేరాయి. మా తరానికి మౌనం అలవాటైంది అక్కడే. సైరన్ మోగేది, బళ్లో ఎక్కడివాళ్లం అక్కడ నిలబడిపోయేవాళ్లం. ఎవరో ఒకరికి నవ్వు తన్నుకొచ్చేది. రెండో సైరన్ దాకా దాన్ని బిగబట్టడమే పిల్లలకు దేశభక్తి. ఆ తర్వాత అది అసెంబ్లీలోకి వచ్చింది, మునిసిపల్ కౌన్సిల్లోకి వచ్చింది, క్రికెట్ మైదానంలోకి, కార్మిక సంఘం సభలోకి, రోటరీ క్లబ్బులోకి వచ్చింది. చివరికి మా రీయూనియన్‌లోకి వచ్చింది.

ఇంత తేలిగ్గా ఎందుకు పాకిందో ఊహించడం కష్టం కాదు. మౌనానికి మతం లేదు. మా బ్యాచ్ దివంగతుల్లో హిందువులున్నారు, ముస్లింలున్నారు, క్రైస్తవులున్నారు, దేవుడి మాటెత్తితే లేచి వెళ్లిపోయే రకం కమ్యూనిస్టు ఒకడున్నాడు. ఫొటోకు దండ వేసి దీపం పెడితే ముస్లిం మిత్రుడి ఇంటివాళ్లు ఇబ్బంది పడతారు. నవంబరు 2న సమాధులకు సున్నాలు వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించే క్రైస్తవ మిత్రుల పద్ధతి మిగతావాళ్లకు తెలియదు. ఏమీ అనకుండా నిలబడితే ఏ గొడవా లేదు. సిల్వర్ జూబిలీనాడు ఒక ఉత్సాహవంతుడు శాంతి మంత్రం పెట్టిద్దామంటే, వద్దని మౌనానికి ఓటు వేసినవాళ్లలో నేనూ ఉన్నాను.

కాని ఆ సౌకర్యంలోనే లోటు కూడా ఉంది. మౌనంలో అందరూ కలిసిపోతారు. యుద్ధంలో పోయిన లక్షలమందికి అది సరిపోయింది, ఎందుకంటే అంతమంది పేర్లు ఎవరూ చదవలేరు. మావాళ్లు లక్షలమంది కాదు. ఒక్కొక్కరి నవ్వు, నడక, మెస్ బాకీ మాకు తెలుసు. అందరినీ కలిపి ‘దివంగత మిత్రులు’ అని ఒక మూటగట్టి అరనిమిషంలో దింపేయడం నాకు మనస్కరించలేదు.

దీనికి వేరే దారి ఉందని నాకు అమెరికాలో తెలిసింది. మా అబ్బాయి టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీలో ఎం.ఎస్. చేశాడు. అది ఉన్న ఊరి పేరే కాలేజ్ స్టేషన్. తెలుగు పిల్లలు చాలామందే ఉంటారు. ఓ ఏప్రిల్‌లో నేను వాడి దగ్గర ఉన్నప్పుడు, ‘అమ్మా, ఇది చూడాలి’ అని రీడ్ అరీనాకు తీసుకెళ్లాడు. దాన్ని వాళ్లు మస్టర్ అంటారు. ఏటా ఏప్రిల్ 21న జరుగుతుంది. 1836లో టెక్సాస్ వాళ్లు మెక్సికో మీద శాన్ జసింటో యుద్ధం గెలిచిన రోజది. కాలేజీ తెరిచింది 1876లో. 1883 జూన్‌లో పాత విద్యార్థులు పాత రోజులు చెప్పుకోవడానికి మొదటిసారి కలిశారు. తర్వాత ఆ కలయిక ఏప్రిల్ 21కి మారింది. ఇప్పుడు ప్రపంచంలో 300కు పైగా చోట్ల అదే రోజు కూడతారు. కాలేజీలో జరిగేదానికి చదువు ముగించి యాభై ఏళ్లయిన బ్యాచ్‌ను ప్రత్యేకంగా పిలుస్తారు. వాళ్ల స్వర్ణోత్సవం, నివాళి సభ ఒకేసారన్నమాట.

జరిగేది చాలా చిన్న పని. దీపాలు తగ్గిస్తారు. ఆ ఏడాది పోయిన విద్యార్థుల, పాత విద్యార్థుల పేర్లు ఒక్కొక్కటిగా పిలుస్తారు, క్లాసులో హాజరు పిలిచినట్టే. పేరు పిలవగానే చీకట్లో ఏదో ఒక వరుసలోంచి ఆ మనిషి తల్లో, భార్యో, స్నేహితుడో ‘హియర్’ అంటారు. ఒక కొవ్వొత్తి వెలుగుతుంది. తర్వాతి పేరు. ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు, ఎలా పోయాడో చెప్పరు. కొన్ని గొంతులు గట్టిగా వచ్చాయి, కొన్ని సగంలో ఆగిపోయాయి. ఒక పేరుకు పదిమంది కుర్రాళ్లు ఒకేసారి అరిచారు. అంతా అయ్యాక తుపాకులు పేల్చారు. అది నాకు నచ్చలేదు. మిలిటరీ శిక్షణతో మొదలైన కాలేజీ కాబట్టి వాళ్లకది సహజం కావచ్చు.

వాళ్లదే ఇంకో ఆచారం ఉంది, సిల్వర్ ట్యాప్స్. చదువుకుంటూ ఎవరైనా విద్యార్థి పోతే ఆ తర్వాతి నెల మొదటి మంగళవారం రాత్రి దీపాలార్పేసి బాకాలు ఊదుతారు. ఉత్తరానికి, దక్షిణానికి, పడమటికి తిరిగి ఊదుతారు. తూర్పుకు తిరగరు, ఆ పిల్లవాడికి ఇక పొద్దు పొడవదు కాబట్టి. ఇది 1898లో వాళ్ల ప్రెసిడెంటు సల్ రాస్ పోయినప్పుడు మొదలైంది.

ఈ మస్టర్ ఇంత పెద్దదవడానికి కారణం 1942లో ఫిలిప్పీన్స్‌లోని కొరిగిడార్ ద్వీపం. జపాన్ బాంబులు కురుస్తుండగా అక్కడి అమెరికన్ సైన్యంలో ఉన్న ఈ కాలేజీ పాత విద్యార్థులు ఏప్రిల్ 21న సమావేశమై హాజరు పిలుచుకున్నారని పత్రికల్లో వచ్చింది. 25 మంది. వాళ్ల అధికారి జనరల్ జార్జ్ మూర్ కూడా ఆ కాలేజీవాడే, 1908 బ్యాచ్. అమెరికా అంతా ఆ వార్త మారుమోగింది. మే 6న కొరిగిడార్ లొంగిపోయింది. తర్వాత చరిత్రకారులు తవ్వి చూస్తే అసలు సమావేశమే జరగలేదని తేలింది. ఆ బాంబుల్లో జరిగే వీలే లేదు. జరిగిందల్లా ద్వీపంలో తమ కాలేజీవాళ్లు ఎవరెవరున్నారో పేర్లు రాసి విలేకరికి ఇవ్వడం. సభ అబద్ధమని తెలిశాక ఆ కథ నాకు ఇంకా నచ్చింది. చావు మీద పడుతుంటే వాళ్లు చేయగలిగింది ఒక జాబితా రాయడం. నా పని కూడా అదే.

అరీనాలోంచి బయటికి వస్తుంటే మా అబ్బాయి, ‘ఏంటమ్మా, ఏడుస్తావనుకుంటే నవ్వుతున్నావు’ అన్నాడు. చెప్పాను. ఇంకొకరి పేరుకు పలకడంలో మా బ్యాచ్‌ను మించినవాళ్లు ఎవరున్నారు? దాన్ని మేం ప్రాక్సీ అనేవాళ్లం. జగదాంబ టాకీసుకు మ్యాట్నీకి వెళ్లినవాడి తరఫున గ్యాలరీ పైవరుసలోంచి గొంతు మార్చి ‘ప్రెజెంట్ సార్’ అనేవాడు వాడి రూమ్మేట్. మా ఫార్మకాలజీ సారు తల ఎత్తకుండానే, ‘రోల్ నంబర్ 23కి ఇవాళ జలుబు చేసినట్టుంది, గొంతు మారింది’ అని హాజరు వేసేసేవారు. అన్నీ ఆయనకు తెలుసు. అలా పలికినవాళ్లు, పలికించుకున్నవాళ్లు ఇద్దరూ తర్వాత మంచి డాక్టర్లయ్యారు. 23 ఇప్పుడు నా జాబితాలో ఉన్నాడు. ఎవరు పలకాలో చెప్పనక్కర్లేదు.

అందుకని వాయిదా పడ్డ స్వర్ణోత్సవానికి నేను ప్రతిపాదించింది ఇది. మౌనం ఉంచుకుందాం, రెండు నిమిషాలూ పూర్తిగా. దానికి ముందు రోల్ నంబరు వరసన పేర్లు చదువుదాం. ఒక్కో పేరుకు ఒకరు పలకాలి. అందరూ ఒప్పుకున్నారు. ఒప్పుకున్నాక అసలు చిక్కులు మొదలయ్యాయి.

మొదటిది, డాక్టర్ల రోగం. గ్రూపులో ఒక మరణవార్త వస్తే నమస్కారం బొమ్మల వెనకే, ‘ఏమైంది? ఎం.ఐ.ఆ? షుగర్ ఉందా?’ అని మొదలవుతుంది. పావుగంటలో అది కేసు చర్చ అయిపోతుంది. మొదటి చిత్తుప్రతిలో ఎవరో ‘మరణ కారణం’ అని ఒక గడి చేర్చి పంపారు. తీసేశాను. హౌస్ సర్జన్సీలోనే తన ప్రాణం తానే తీసుకున్న మిత్రుడు ఒకడున్నాడు. ఇన్నేళ్లుగా మా సభల్లో అతనిది ‘హఠాన్మరణం’. ఒక్కోసారి పేరే వదిలేసేవారు, ఇంటివాళ్లు నొచ్చుకుంటారని. ఇప్పుడు అతని తమ్ముడు వచ్చి పలుకుతానన్నాడు.

రెండోది, ఎవరు మనవాళ్లు అన్నది. రోల్ నంబర్ 88 మొదటి ఎం.బి.బి.ఎస్. దాటలేకపోయాడు. కొన్నాళ్లు చూసి చదువు మానేసి సొంతూళ్లో ఎరువుల కొట్టు పెట్టుకున్నాడు. పోయి చాలాకాలమైంది. ‘డిగ్రీ పూర్తిచేయలేదు కదా, బ్యాచ్‌మేట్ ఎలా అవుతాడు?’ అన్నారొకరు, పెద్ద ఆసుపత్రి యజమాని. ఒకే శవం మీద ఏడాదిన్నర అటు చేయి అతనూ ఇటు చేయి నేనూ కోశాం. అంతకంటే దగ్గర చుట్టరికం ఏముంటుందో నాకు తెలియదు. చేర్చాను. పలకడానికి ఇద్దరు పోటీపడ్డారు. ఇద్దరూ అతని కొట్టులో అప్పు పెట్టినవాళ్లే.

మూడోది, ఆడవాళ్లు. ఇక్కడే స్మృతిలోని ఆ పెళ్లయిన ఆడపిల్ల నాకు మళ్లీ ఎదురైంది. మగవాళ్ల వివరాలు ఇట్టే దొరికాయి. పేరు మారలేదు, నర్సింగ్ హోమ్ బోర్డు మారలేదు. ఆడవాళ్లలో కొందరికి పెళ్లితో ఇంటిపేరు మారింది, ఊరు మారింది, కొందరు వృత్తే మానేశారు. రోల్ నంబర్ 61 సైన్యంలో పనిచేసే ఆయన్ని చేసుకుని ఉత్తరాదికి వెళ్లింది. ఆమె పోయిన సంగతి మాకు ఏళ్ల తర్వాత, పంపిన శుభలేఖ తిరిగొచ్చినప్పుడు తెలిసింది. మా సిల్వర్ జూబిలీ సావనీర్‌లో ఆమె పేరు ‘చిరునామా తెలియనివారు’ కింద ఉంది. అప్పటికే ఆమె లేదు.

ఇలాంటి లెక్కలు ఎంతదాకా పోతాయో అమెరికా అంతర్యుద్ధ సైనికుల కథ ఒకటి చెబుతుంది. మినెసొటా మొదటి రెజిమెంటు, బి కంపెనీ వాళ్లు 1880లలో ‘లాస్ట్ మ్యాన్స్ క్లబ్’ పెట్టుకున్నారు. స్టిల్‌వాటర్ అనే ఊళ్లో ఏటా జులై 21న విందు. పోయినవాళ్ల కుర్చీలు ఖాళీగా ఉంచేవారు. చివరికి మిగిలినవాడు తాగడానికని ఒక బర్గండీ సీసా దాచిపెట్టారు. 1930లో చార్లెస్ లాక్‌వుడ్ ఒక్కడే మిగిలాడు. సీసా తెరిస్తే వైన్ పులిసిపోయి ఉందట. ఇది గ్రూపులో పెడితే, మా గ్యాస్ట్రోఎంటరాలజిస్టు ‘మనకు ఆవకాయ జాడీ పెడదాం’ అన్నాడు. అది కూడా అన్నేళ్లు నిలవదని ఆయనకు చెప్పాల్సి వచ్చింది.

జాబితాలో ఇప్పుడు నాలుగే గడులు. రోల్ నంబరు, పేరు, ఊరు, పలికేవాళ్లు. నివాళికి 5 నిమిషాలు కాదు, 40 నిమిషాలు ఇవ్వాలని, సన్మానాలు భోజనాల తర్వాతకు జరపాలని కమిటీకి రాశాను. శాలువాల వాళ్లు కాస్త గొణిగారు, ఒప్పుకున్నారు. నాలుగో గడి దాదాపు నిండింది. 61 ఎదుట మాత్రం ఖాళీగానే ఉంది. నేను ఇంటినుంచి వచ్చి చదువుకున్నదాన్ని కాబట్టి ఆమె రూమ్మేటు ఎవరో నాకు తెలియదు. గ్రూపులో అడిగాను. ముగ్గురు జవాబిచ్చారు, ముగ్గురూ మూడు గది నంబర్లు చెప్పారు. లేడీస్ హాస్టల్ పాత రిజిస్టర్లు కాలేజీ ఆఫీసులో ఒక బీరువాలో ఉన్నాయంటున్నారు. సోమవారం వెళ్లి గుమాస్తాను బతిమాలాలి.